కరెంటు బిల్లు తగ్గాలంటే ఏది ఆపాలి? మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహలు, అసలు లెక్కలు

ఎండాకాలం బిల్లు చేతికొచ్చిన రోజున చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఫోన్ ఛార్జర్ ప్లగ్గులోనే వదిలేశారని పిల్లల మీద కేకలు, వరండా లైటు ఎవరు వేశారని పంచాయితీ, ఆ పైన రెండు మూడు రోజులు అందరూ స్విచ్చులు ఆపుకుంటూ తిరగడం. నెల తిరిగేసరికి బిల్లు మళ్లీ అంతే వస్తుంది, దాంతో "ఎంత పొదుపు చేసినా ఇంతే, మీటరే స్పీడుగా తిరుగుతోంది" అని తేల్చేస్తాం. చాలాసార్లు మీటరు బాగానే ఉంటుంది. మనం ఆపిన వస్తువులు అసలు పెద్దగా కరెంటు కాల్చేవే కావు, కాల్చేవాటి జోలికి ఎవరూ వెళ్లలేదు, అదీ సంగతి.

ముందు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. 1000 వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే 1 యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్ కాలుస్తుంది. అదే ఒక్క యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 111 గంటలు వెలుగుతుంది, అంటే రోజుకు ఐదు గంటలు వేసుకున్నా మూడు వారాలు దాటుతుంది. వాట్లు ఎంతో ఆ వస్తువు వెనకో అడుగునో రాసే ఉంటుంది. దాన్ని రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారో దానితో గుణించి, 30తో గుణించి, 1000తో భాగిస్తే నెలకు ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది. ఏసీ, ఫ్రిజ్ లాంటివి ఆగుతూ తిరుగుతూ ఉంటాయి కాబట్టి వాటికి ఈ గుణకారం సరిగ్గా కుదరదు, వాటి సంగతి కింద చెప్తాను.

ఛార్జర్ మీద కేకలు, సెట్‌టాప్ బాక్స్ మీద మౌనం

ఫోన్ తీసేశాక ఖాళీగా ప్లగ్గులో ఉన్న ఇప్పటి ఛార్జర్ లాగేది అర వాట్ లోపే. నెలంతా అలాగే ఉంచినా పావు యూనిట్, పోనీ ఇంకొంచెం. ఫోన్‌ను రోజుకోసారి పూర్తిగా ఛార్జ్ చేసుకున్నా నెలకు ఒక యూనిట్ దాటడం కష్టం. పిడుగులు పడే రోజుల్లో ఛార్జర్ పీకేయడం మంచిదే, అది భద్రత కోసం. బిల్లు కోసం అయితే దాని మీద గొడవపడటం దండగ.

అదే టీవీ కింద ఉండే సెట్‌టాప్ బాక్స్ చూడండి. రిమోట్‌తో ఆపితే ఎర్ర లైటు వస్తుంది, ఆగిపోయిందనుకుంటాం. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగానే ఉంటుంది. చాలా బాక్సులు స్టాండ్‌బైలో కూడా ఆన్‌లో ఉన్నప్పుడు తీసుకున్నంత కరెంటూ తీసుకుంటాయి. పది వాట్లనుకుంటే నెలకు 7 యూనిట్లు, టీవీ చూసినా చూడకపోయినా. రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ దగ్గరే ఆపేయండి. వైఫై రౌటర్ కూడా దాదాపు ఇంతే తీసుకుంటుంది, కానీ అది లేనిదే పని జరగదు కాబట్టి దాన్ని వదిలేయండి.

జీరో బల్బు జీరో కాదు

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ పాత ఇళ్లలో నాకు మొదట కనిపించేది ఇదే. దేవుడి గదిలో ఎర్ర బల్బు, పడకగదిలో నీలం బల్బు, మెట్ల కింద ఇంకొకటి. పేరే జీరో బల్బు కాబట్టి కరెంటు కాలదని గట్టి నమ్మకం. పాత చక్రం మీటర్లు ఇంత చిన్న లోడుకు సరిగా కదిలేవి కావని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. ఫిలమెంట్ ఉండే ఆ గాజు బల్బు నిజానికి 12 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది, ఇప్పటి డిజిటల్ మీటరు దాన్ని వదిలిపెట్టదు. దేవుడి దగ్గర పగలూ రాత్రీ వెలిగే ఒక్క 15 వాట్ల బల్బు నెలకు 10.8 యూనిట్లు. హాల్లో రోజూ ఆరు గంటలు వెలిగే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ 3.6 యూనిట్లే కాలుస్తుంది. అంటే ఇల్లంతా వెలుగునిచ్చే లైటు కన్నా ఆ ఎర్ర చుక్క మూడింతలు ఎక్కువ.

దేవుడి దగ్గర దీపం ఆపమని నేను ఎవరికీ చెప్పను. అదే ఎరుపులో, అదే హోల్డర్‌లో పట్టే అర వాట్ ఎల్‌ఈడీ బల్బు ఎలక్ట్రికల్ షాపులో తక్కువకే దొరుకుతుంది, నెలకు అర యూనిట్ కూడా కాదు. ఈ రాసినదంతా చదివి ఒక్క పని చేయాలనుకుంటే ఇవాళే ఇది చేయండి.

ట్యూబ్‌లైట్ మాటెత్తాం కాబట్టి ఇంకోటి. "మాటిమాటికీ ఆపి వేస్తే ఎక్కువ కాలుతుంది, వెలగనీ" అని పెద్దవాళ్లు అంటుంటారు. చోక్, స్టార్టర్ ఉన్న పాత ట్యూబ్ వెలిగేటప్పుడు తీసుకునే అదనపు కరెంటు క్షణాల వ్యవహారం, దానికి యూనిట్లలో లెక్కే లేదు. స్టార్టర్ త్వరగా పోతుందన్నది నిజం. ఎల్‌ఈడీకి ఆ బాధ కూడా లేదు. గదిలోంచి వెళ్తుంటే ఆపేయండి.

ఫ్యాన్ గదిని చల్లబరచదు

ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని. ఒంటి మీద చెమట ఆరేలా చేస్తుంది కాబట్టి మనకు హాయిగా ఉంటుంది, గదిలో వేడి మాత్రం అంతే ఉంటుంది, మోటారు వేడి వల్ల ఇంకాస్త పెరుగుతుంది కూడా. "వచ్చేసరికి గది చల్లగా ఉంటుంది" అని ఖాళీ గదిలో ఫ్యాన్ వదిలి బజారుకు వెళ్లడంలో అర్థం లేదు.

రెగ్యులేటర్ విషయంలో రెండు వైపులా సగం నిజం నడుస్తోంది. రెండు మీద పెట్టినా ఐదు మీద పెట్టినా కరెంటు ఒకటే అని కొందరు, బాగా తగ్గుతుందని కొందరు. స్విచ్‌బోర్డు మీద ఇటుక సైజులో ఉండి ముట్టుకుంటే వేడిగా తగిలే పాతకాలం రెగ్యులేటర్ అయితే ఫ్యాన్‌కు తగ్గించిన కరెంటులో కొంత తన ఒంట్లోనే వేడిగా పోగొడుతుంది, అందుకని పొదుపు కాస్తే. ఇప్పుడొచ్చే చిన్న స్టెప్ రెగ్యులేటర్లలో ఆ నష్టం దాదాపు ఉండదు, స్పీడు తగ్గిస్తే కరెంటు కూడా నిజంగానే తగ్గుతుంది. పాతది మార్చడానికి రెండు మూడొందలు, ఎలక్ట్రీషియన్ కూలి అంతే.

అసలు లాభం ఫ్యాన్ మార్చడంలో ఉంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. మన దగ్గర ఫ్యాన్ ఏడాదిలో తొమ్మిది పది నెలలు తిరుగుతుంది, ఎండాకాలంలో పడకగది ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగినా ఆశ్చర్యం లేదు. 45 వాట్ల తేడా, 15 గంటలు, 30 రోజులు వేస్తే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 20 యూనిట్లు. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగేదాన్ని ముందు మార్చండి. అతిథులొస్తే తప్ప వేయని గదిలో పాత ఫ్యానే ఉండనివ్వండి, అక్కడ బీఎల్‌డీసీ పెడితే ఆ డబ్బు ఏళ్ల తరబడి తిరిగి రాదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు చూసుకోవడం తేలికే.

పవర్ సేవర్ డబ్బా, దయచేసి కొనకండి

సంతలో, ఎగ్జిబిషన్‌లో, ఫోన్‌లో వచ్చే ప్రకటనల్లో దీన్ని విపరీతంగా అమ్ముతున్నారు. తెల్లటి చిన్న డబ్బా, ప్లగ్గులో గుచ్చితే ఆకుపచ్చ లైటు వెలుగుతుంది, ముప్పై నలభై శాతం బిల్లు తగ్గుతుందని చెప్తారు. విప్పి చూస్తే లోపల సాధారణంగా ఉండేవి ఒక కెపాసిటర్, చిన్న సర్క్యూట్ ముక్క, ఆ ఎల్‌ఈడీ. కొన్నిటిలో కెపాసిటర్ కూడా పేరుకే.

అమ్మేవాడు ఎదురుగా పెట్టి చూపిస్తాడు కాబట్టి జనం నమ్ముతారు. చిన్న మోటారు ఒకటి తిప్పి, వైరుకు క్లాంప్ మీటర్ తగిలించి, డబ్బా పెట్టకముందు ఇన్ని ఆంప్స్, పెట్టాక ఇన్ని అని చూపిస్తాడు. ఆంప్స్ నిజంగానే తగ్గుతాయి. మోటారు తిరగడానికి వాడే కరెంటు కాకుండా, లైన్‌కూ మోటారుకూ మధ్య ఊరికే వెళ్లొచ్చే కరెంటు కొంత ఉంటుంది, కెపాసిటర్ దాన్ని దగ్గర్లోనే సర్దేస్తుంది, దాన్నే పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం అంటారు. ఇంటి సర్వీసుకు బిల్లు వేసేది కిలోవాట్ అవర్ల మీద, అంటే అసలు వాడిన కరెంటు మీద. ఆ ఊరికే తిరిగేదానికి మన ఇంటి బిల్లులో పైసా కూడా వేయరు కాబట్టి అది తగ్గినా మనకు ఒరిగేదేమీ లేదు. ఫ్యాక్టరీల సంగతి వేరు, వాళ్లకు పవర్ ఫ్యాక్టర్ మీద డబ్బులు పడతాయి, వాళ్లు సరైన కెపాసిటర్ బ్యాంకులు పెట్టుకుంటారు. ఇంట్లో ఈ నాసిరకం డబ్బా ఇరవై నాలుగు గంటలూ ప్లగ్గులో వేడెక్కుతూ ఉండటం ప్రమాదం కూడా.

మీటరు మీద అయస్కాంతం పెట్టమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. అది కరెంటు దొంగతనం, 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కేసు, జరిమానా, జైలు దాకా వెళ్తుంది. ఇప్పటి మీటర్లు అయస్కాంతం పెట్టిన సంగతిని నమోదు చేసుకుంటాయి. దాని జోలికే పోకండి.

ఏసీ: 18 మీద పెడితే త్వరగా చల్లబడదు

బయట నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి రిమోట్‌తో 18కి దించడం అందరికీ అలవాటు. 18 అనేది చల్లదనం వచ్చే వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. మామూలు ఏసీ 24 మీద పెట్టినా 18 మీద పెట్టినా మొదట్లో గదిని ఒకే వేగంతో చల్లబరుస్తుంది. తేడా తర్వాత వస్తుంది, 24 దగ్గర ఊపిరి తీసుకోవాల్సిన కంప్రెసర్ 18 కోసం తిరుగుతూనే ఉంటుంది, మే నెల విజయవాడలో అయితే పై అంతస్తు గదిలో అది 18కి ఎప్పటికీ చేరకపోవచ్చు, అంటే రాత్రంతా ఆగదు. స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 మీద మొదలయ్యేలా చేసింది కూడా అందుకే. 26 పెట్టి ఫ్యాన్ ఒకటి మీదో రెండు మీదో వేసుకుంటే 23 దగ్గర ఫ్యాన్ లేకుండా పడుకున్నంత హాయిగానే ఉంటుంది. ఏసీ వేస్తే ఫ్యాన్ వేయకూడదన్నది కూడా అపోహే.

"ఆపి మళ్లీ వేస్తే ఎక్కువ కాలుతుంది, అలాగే ఉంచు" అనే మాట ఏసీ విషయంలో ఎక్కువ వినిపిస్తుంది. గది చల్లగా ఉన్నంతసేపూ బయటి వేడి గోడల్లోంచి లోపలికి వస్తూనే ఉంటుంది, ఏసీ దాన్ని తోడిపోస్తూనే ఉండాలి. ఆపేస్తే గది వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ బయటికీ లోపలికీ తేడా తగ్గి వచ్చే వేడి కూడా తగ్గుతుంది. మొత్తం కలిపి చూస్తే ఆపి మళ్లీ వేసినప్పుడు తోడాల్సిన వేడి తక్కువే. గంట, రెండు గంటలు బయటికి వెళ్తున్నారంటే ఆపేసి వెళ్లండి. పది నిమిషాల్లో వచ్చేస్తారంటే వదిలేయండి, పెద్ద తేడా ఉండదు.

ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా తిరుగుతుందని కొన్నవాళ్లను చూశాను. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. కంప్రెసర్ పూర్తిగా ఆగి మళ్లీ లేవడం కాకుండా, అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ తిరుగుతుందని దాని అర్థం. ఎక్కువ గంటలు వాడేవాళ్లకు అది బాగా కలిసొస్తుంది.

చేయాల్సినవి మామూలువే గానీ చేసేవాళ్లు తక్కువ. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ముందు మూత తీసి ఫిల్టర్ జాలీ కుళాయి కింద కడిగి ఆరబెట్టండి, దీనికి మెకానిక్ అక్కర్లేదు. తలుపు కింద సందు ఉంటే పాత దుప్పటి చుట్టి అడ్డం పెట్టండి. పడమటి కిటికీకి ఎండ లోపలికి రాకుండా మందపాటి తెరో, బయట వైపు తడికో కట్టండి. బాల్కనీలో అవుట్‌డోర్ యూనిట్ ముందు అట్టపెట్టెలు, పాత సామాను పేర్చకండి, అది వేడి వదలడానికి గాలి ఆడాలి.

పై అంతస్తులో ఉండేవాళ్లకు ఇవన్నీ చేసినా సాయంత్రం ఆరింటికి స్లాబు నుంచి వేడి దిగుతూనే ఉంటుంది. అలాంటి ఇళ్లకు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, అది కుదరకపోతే సున్నమైనా వేయించడం ఏసీ మార్చడం కన్నా ముందు చేయాల్సిన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. సున్నం వానలకు పోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేసుకోవాలి.

ఇక కూలర్. నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్‌లలో ఏప్రిల్ పొడి ఎండకు కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది, వాడే కరెంటు ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, నీళ్లు ఆవిరి కావు, కూలర్ వేస్తే గది ఇంకా జిడ్డుగా తయారవుతుంది. అక్కడ తక్కువ కరెంటుకు ఆశపడి కూలర్ కొని తర్వాత ఏసీ కూడా కొంటే రెండు ఖర్చులూ మీద పడతాయి. ఏసీ నడుస్తున్న గదిలో కూలర్ మాత్రం అస్సలు వేయకండి, ఆ తేమంతా తీసే పని మళ్లీ ఏసీదే.

ఫ్రిజ్ రాత్రిపూట ఆపడం

రాత్రి పదింటికి ఆపి పొద్దున ఆరింటికి వేస్తే మూడో వంతు మిగులుతుందనేది కొందరి లెక్క. ఆపిన సేపట్లో లోపలికి చేరిన వేడిని పొద్దున్నే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తోడేస్తుంది కాబట్టి మిగిలేది కొద్దిగానే, ఆ కొద్దికీ పాలు విరుగుతాయి, దోసెల పిండి పులిసిపోతుంది, మందులుంటే పాడవుతాయి. ఇన్సులిన్ ఉన్న ఇళ్లలో ఈ పని అసలు చేయకూడదు.

ఫ్రిజ్ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకెలో రాసి ఉంటుంది, దాన్ని 12తో భాగించండి. 250 లీటర్ల కొత్త ఫ్రిజ్‌కు నెలకు 20 యూనిట్ల అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు ఉన్నవాళ్లే ఆలోచించాలి. కొత్తది కొన్నాక పాతదాన్ని పారేయబుద్ధి కాక మేడ మీద గదిలో నీళ్ల సీసాల కోసం ఉంచుతాం, డోర్ రబ్బరు సడలిపోయిన ఆ పాత ఫ్రిజ్ కొత్తదానికన్నా చాలా ఎక్కువ కాలుస్తూ ఉంటుంది. నీళ్ల కోసమైతే కుండ కొనుక్కోండి, ఫ్రిజ్‌ను ఎక్స్చేంజ్‌కో పాత సామాన్ల వాడికో ఇచ్చేయండి.

డోర్ రబ్బరు పరీక్ష చాలా సులువు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు మూసి లాగండి. పట్టు లేకుండా జారి వస్తే ఆ చోట చల్లదనం బయటికి పోతున్నట్టే. నాలుగు వైపులా అలా చూడండి, ముఖ్యంగా కింది మూల, సాంబారు మరకలు ఎండి రబ్బరు గట్టిపడేది అక్కడే. సబ్బు నీళ్లతో తుడిస్తే ఒక్కోసారి అదే సరిపోతుంది, లేకపోతే రబ్బరు మార్పించాలి. వెనక గోడకు జానెడు సందు వదలండి, మంచు గడ్డకట్టే సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే అది మందంగా పేరుకోకముందే కరిగించండి.

గీజరు రోజంతా ఆన్‌లో

"మళ్లీ మళ్లీ వేడి చేయడం కన్నా ఆన్‌లో ఉంచితేనే తక్కువ" అనే వాదన ఏసీ దగ్గర చెప్పిన పొరపాటు లెక్కే. ట్యాంకులో వేడి నీళ్లు ఉన్నంతసేపూ చుట్టూ వేడి పోతూనే ఉంటుంది, థర్మోస్టాట్ మళ్లీ మళ్లీ వేడి చేస్తూనే ఉంటుంది. 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 1 యూనిట్ పడుతుంది. స్నానానికి అరగంట ముందు వేసి, అందరూ వరసగా చేసేసి, ఆపేస్తే చాలు. ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఒకరు పదింటికి అయితే పొదుపు పోతుంది, ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు 3000 వాట్లు కాబట్టి ఎక్కువ కాలుతుందని కొందరు, రాడ్ హీటర్ 1500 వాట్లే కాబట్టి తక్కువని కొందరు అనుకుంటారు. 15 లీటర్ల బకెట్ నీళ్లను 25 నుంచి 42 డిగ్రీలకు తేవడానికి ఏ వస్తువుతో చేసినా 0.3 యూనిట్ కావాల్సిందే, ఇన్‌స్టంట్ గీజరు ఆరు నిమిషాల్లో చేస్తుంది, రాడ్ పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది. కాబట్టి రాడ్‌తో పొదుపేమీ రాదు, పైగా ఏటా చలికాలంలో రాడ్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. రాడ్ వాడక తప్పదంటే ప్లాస్టిక్ బకెట్‌లోనే వాడండి, స్విచ్ ఆపడమే కాదు ప్లగ్గు పీకేశాకే నీళ్లు ముట్టుకోండి, పిల్లలున్న బాత్రూంలో వదిలి వెళ్లకండి. ఇది బిల్లుకన్నా వంద రెట్లు ముఖ్యం.

మోటారు, మిక్సీ, వాషింగ్ మెషిన్

మిక్సీ పెద్ద శబ్దం చేస్తుంది కాబట్టి ఎక్కువ కాలుస్తుందనిపిస్తుంది. 750 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు తిప్పినా నెలకు 4 యూనిట్ల లోపే. వాషింగ్ మెషిన్ కూడా చల్లటి నీళ్లతో ఉతికితే చాలా తక్కువ, ఫ్రంట్ లోడ్‌లో వేడి నీళ్ల మోడ్ పెడితేనే హీటర్ కాలి యూనిట్లు ఎగబాకుతాయి. మన ఊళ్లలో మామూలు బట్టలకు ఆ మోడ్ అవసరమే లేదు.

శబ్దం వినిపించక లెక్కలోకి రానిది బోరు మోటారు. ఒక హార్స్‌పవర్ మోటారు లైన్ నుంచి వెయ్యి వాట్ల పైనే లాగుతుంది, రోజుకు గంట తిరిగితే నెలకు 30 యూనిట్లు దాటిపోతాయి. ట్యాంకు నిండి నీళ్లు పైపులోంచి ధారగా పడుతున్నా ఎవరో ఒకరు వినేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. ఫ్లోట్ స్విచ్ పెట్టించండి, నీళ్లూ మిగులుతాయి. ఇంతకుముందు అరగంటలో నిండే ట్యాంకుకు ఇప్పుడు గంట పడుతుంటే లోపల లీకో, ఇంపెల్లర్ అరుగుదలో, భూగర్భజలం దిగిపోవడమో జరిగి ఉంటుంది, మెకానిక్‌ను పిలిచి చూపించండి.

స్టార్లు చూసి మాత్రమే కొనడం

5 స్టార్ అనేది అదే సైజు వస్తువుల మధ్య పోటీలో వచ్చిన ర్యాంకు. 350 లీటర్ల 5 స్టార్ ఫ్రిజ్ కన్నా 190 లీటర్ల 3 స్టార్ ఫ్రిజ్ తక్కువ కాల్చవచ్చు, అందుకే స్టార్ల పక్కన ఏడాది యూనిట్ల అంకె చూడండి. లేబుల్ మీద సంవత్సరం కూడా చూడాలి, ప్రమాణాలు ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు. 2022 జులైలో ఏసీలకు అలా మార్చినప్పుడు అంతకుముందటి 5 స్టార్ ఒక మెట్టు దిగిపోయింది, షాపులో పాత స్టాకు తక్కువకు ఇస్తున్నారంటే కారణం అదే కావచ్చు. ఏసీ లేబుల్ మీద యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసినవి. మీరు ఏప్రిల్, మే నెలల్లో రాత్రి నాలుగైదు గంటలే వేస్తారనుకుంటే మొత్తం 300 గంటలే అవుతుంది, అప్పుడు 5 స్టార్‌కు ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, 3 స్టార్ చాలు.

మీటరుతో మీరే చూసుకోవచ్చు

మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది, పక్కన 3200 అనో 1600 అనో అంకె రాసి ఉంటుంది, అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ అని అర్థం. 3200 మీటరు అయితే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11250ని ఆ సెకన్లతో భాగించండి. 75 సెకన్లు పడితే ఆ క్షణాన ఇంట్లో 150 వాట్లు నడుస్తున్నట్టు. 1600 మీటరుకు 22500ని భాగించాలి. ఒక వస్తువు ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి చూస్తే తేడా ఎంతో అదే దాని వాడకం. పవర్ సేవర్ డబ్బా ఇప్పటికే కొన్నవాళ్లు కూడా ఇలాగే పరీక్షించుకోవచ్చు.

ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్, రౌటర్ ప్లగ్గులు కూడా పీకి మీటరు చూడండి. మిణుకు ఆగిపోవాలి, కొన్ని మీటర్లలో లైటు వెలిగి అలాగే నిలిచిపోతుంది, అదీ సరే. మిణుకుతూనే ఉంటే వైరింగ్‌లో లీకేజీయో, ఎవరిదో లైన్ మీ సర్వీసులో కలిసి ఉండటమో అయి ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌కు వెంటనే చూపించండి. ఇవన్నీ బాగానే ఉండి ఇంకా అనుమానం ఉంటే మీటరు టెస్టింగ్‌కు ఫీజు కట్టి డిస్కంకు, అంటే మీ కరెంటు పంపిణీ సంస్థకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మిగిల్చే యూనిట్ విలువ ఎంత

బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "యూనిట్ ఐదారు రూపాయలు" అనుకుంటాం. మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ పై స్లాబులోది, అన్నిటికన్నా ఖరీదైనది. 2022లో వచ్చిన ధరల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. 300 యూనిట్లు కాలిస్తే చార్జీ సుమారు రూ.1,673, అందులో చివరి 75 యూనిట్లకే రూ.656. పైన చెప్పిన రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, దేవుడి గది బల్బు, సెట్‌టాప్ బాక్స్ కలిపితే దాదాపు 55 యూనిట్లు, అవన్నీ ఈ రూ.8.75 స్లాబులోంచే తగ్గుతాయి. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు వీటికి అదనం.

తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. అక్కడ నెల వాడకం 200 దాటగానే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. 200 యూనిట్లకు మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80 చొప్పున రూ.820. 201 అయితే మొదటి 200కీ రూ.5.10, ఆ ఒక్కదానికి రూ.7.70, మొత్తం రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు రెండొందల పైన. 100 దగ్గరా ఇలాంటి గీతే ఉంది, అక్కడ ఒక్క యూనిట్ ఎక్కువైతే రూ.92 తేడా. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి.

అందుకే నెల మధ్యలో ఒకసారి మీటరు రీడింగ్ ఫోటో తీసి పోయిన నెల బిల్లు మీదున్న రీడింగ్‌తో తీసివేయండి. పదిహేను రోజులకు 105 వచ్చిందంటే ఇప్పటి తీరులోనే వెళ్తే నెలాఖరుకు 210 అవుతుంది, రోజుకు ఒక యూనిట్ తగ్గిస్తే 195 దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క యూనిట్ ఎక్కడి నుంచి తేవాలన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది, గీజరు అరగంట తగ్గించినా వస్తుంది, మోటారు పొర్లకుండా చూసుకుని, ఏసీ రెండు డిగ్రీలు పెంచినా వస్తుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు మీద ఉన్న తాజా స్లాబులతో ఈ లెక్క ఒకసారి వేసుకోండి.